వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్: పేరు మిగిలిన పెద్దలు, పేరు లేని సిపాయిలు

పాలమూరులో ఒకప్పటి సంస్థానాల ఊళ్లలో పెద్దల జ్ఞాపకం ఎక్కువగా చదువుల రూపంలోనే నిలిచింది. వనపర్తి రాజావారి ప్యాలెస్ ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ. 1959లో అప్పటి ప్రధాని నెహ్రూ వచ్చి దాన్ని ప్రారంభించారు. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరుతో డిగ్రీ కాలేజీ నడుస్తోంది. పండితులను పోషించిన ఊరు కాబట్టి గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు కూడా ఉంది. వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు మాత్రం నీళ్ల మీద నిలిచింది. నిండగానే సైఫన్లు వాటంతట అవే తెరుచుకునే సరళాసాగర్ ప్రాజెక్టు ఆమె పేరు మీదే ఉంది. 2019 డిసెంబర్ 31న దాని కట్ట తెగినప్పుడు ఆ పేరు రాష్ట్రమంతా వినిపించింది.

ఈ ప్రాంతం నుంచి అందరికీ తెలిసిన పేరు సురవరం ప్రతాపరెడ్డి. 1896లో పుట్టారు, సొంతూరు గద్వాల ప్రాంతంలోని ఇటికాలపాడు. 1926లో హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్న మాటకు ఆయన కోపంతో జవాబివ్వలేదు. 354 మంది కవులను ఏరి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. లేరన్నవాళ్ల ముందు పేర్ల జాబితా పెట్టడం కంటే గట్టి జవాబు ఏముంటుంది? 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. రాజుల గొడవలు పక్కనపెట్టి మామూలు జనం తిండి, బట్ట, ఆటపాటల గురించి రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగు యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది.

సురవరం జీవిత చరిత్ర రాసిన మరో పెద్దమనిషి కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టి, ఉర్దూ, ఫార్సీ నేర్చి, పోలీసు నౌకరీలో పైకొచ్చారు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాల్‌గా పనిచేశారు.

వీళ్లందరికీ పేర్లున్నాయి. పేర్లు లేనివాళ్ల ముచ్చట కూడా వనపర్తిలోనే మొదలైంది. 19వ శతాబ్దంలో వనపర్తిని ఏలిన మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలతో, అంటే సిద్దీలతో, గుర్రపు దళం ఏర్పాటు చేశారు. తర్వాత ఆ దళం నిజాం ఫౌజులోకి పోయింది. సిపాయిలకు మాసాబ్ ట్యాంక్ పక్కన నివాసం ఇచ్చారు. అదే నేటి ఏసీ గార్డ్స్ బస్తీ. ఏసీ అంటే ఆఫ్రికన్ కేవల్రీ. రోజూ ఆ పేరు చెప్పి ఆటో ఎక్కేవాళ్లలో చాలామందికి అందులో ఆఫ్రికా ఉన్న సంగతే తెలియదు, వనపర్తి ఉన్న సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు.

పోలీసు చర్య తర్వాత నిజాం ఫౌజు రద్దయింది, సిద్దీ ఖాందాన్‌లకు నౌకరీలు పోయాయి. మర్ఫా మిగిలింది. యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఈ సిద్దీలు తెచ్చిన ఆ వాయిద్యం ఇప్పటికీ హైదరాబాద్ షాదీల్లో బారాత్ ముందు మోగుతుంది. హిందువుల ఊరేగింపుల్లోనూ వినిపిస్తుంది.

నాగర్‌కర్నూల్‌కు చెందిన కపిలవాయి లింగమూర్తి (1928–2018) పాలమూరు జిల్లాలో ఊరూరా తిరిగి గుళ్ల చరిత్రలు, స్థల పురాణాలు పోగుచేశారు. అదే ఓపికతో ఈ మూడు జిల్లాల దర్గాలు, ఆషుర్‌ఖానాలు, పాత ఖబరస్తాన్ల రాతలను కూడా రాసిపెట్టాల్సిన పని ఉంది. ఇంట్లో బుజుర్గులు ఉన్నప్పుడే అడగాలి: తాత ఏ దళంలో పనిచేశారు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరి పక్కన దఫన్ చేశారు.