సరిగ కుట్టిన చేయి

తెలుగులో 'సరిగ' అని ఒక చక్కని మాట ఉంది. బంగారు, వెండి తీగలతో అల్లిన సన్నని పట్టీకి అది పేరు. ఇప్పుడు దాని స్థానాన్ని పారసీకం నుంచి వచ్చిన 'జరీ' ఆక్రమించుకున్నా, 'సరిగంచు' అన్న సమాసంలో పాత మాట ఇంకా ప్రాణాలతోనే ఉంది. చీరకు సరిగ మగ్గం మీదే పడుతుంది. అంగీకో షేర్వానీకో అయితే విడిగా తెచ్చి చేత్తో కుట్టాలి. నేను చెప్పబోయేది ఆ చేతిని గురించి.

హైదరాబాదులో రాజుగారి దుస్తుల కొలువుకు ఒక పెద్ద స్మారకమే ఉంది. రోజూ దాని మీదుగా నడుస్తూ కూడా మనం గుర్తించం. అదే ఆబిడ్స్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ (పాలన 1869–1911) వద్ద ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ ఆంతరంగిక సేవకుడిగా ఉండేవాడు. ప్రభువు దుస్తులు, అలంకరణ చూసుకోవడం ఆయన పని. 1891లో కలకత్తా హైకోర్టు దాకా వెళ్ళిన జేకబ్ వజ్రం బేరంలోనూ ఆయనదే మధ్యవర్తిత్వం. తరువాత ఆయన పెట్టిన దుకాణం పేరే ఆ ప్రాంతానికి స్థిరపడింది. మహబూబ్ అలీఖాన్ కట్టిన బట్ట మళ్ళీ కట్టేవాడు కాడని జనంలో ఒక కథ ఉంది. కథ మాట ఎలా ఉన్నా, పురానీ హవేలీలో 170 అడుగులకు పైగా సాగే రెండంతస్తుల చెక్క బీరువాల వరుసను చూసినవారికి అది అతిశయోక్తి అనిపించదు.

ఆ బట్టలకు మెరుపునిచ్చే సరంజామాను పాత హైదరాబాదీలు 'మసాలా' అనేవారు. వంటింటి మసాలా కాదు. గోటా, కినారీ, కిరణ్, లచ్కా వంటి పట్టీలన్నిటికీ కలిపి అదొక ఉమ్మడి పేరు. ఖడా దుపట్టా అంచుల మీద నేటికీ కనిపించేది ఈ సామగ్రే. అసలు సరిగకు మూలం వెండి. వెండి తీగను సన్నగా లాగి, నలగ్గొట్టి, పట్టుదారం చుట్టూ చుట్టి, బంగారు పూత పెడతారు. బంగారు సరిగ లోపల పసుపు దారం, వెండి సరిగ లోపల తెల్ల దారం వాడతారు. పైతీగ అరిగినా లోపలి రంగు కొంతకాలం పరువు కాపాడుతుంది.

ఇక కుట్టడం. రేకు తీగను సూదితో గుచ్చితే చిట్లుతుంది. కాబట్టి పట్టీని బట్ట మీద పరచి, అంచున ఉన్న దారాన్ని మాత్రమే పట్టుకుంటూ సన్నని పట్టుదారంతో చిన్నచిన్న కుట్లు వేయాలి. దారం బిగిస్తే బట్ట ముడతలు పడుతుంది, వదులైతే పట్టీ జారుతుంది. మెడ వంపు దగ్గర లోపలి అంచు దారాన్ని మెల్లగా లాగి పట్టీని వంపు తిప్పాలి. మూల వస్తే కత్తిరించకూడదు, మడవాలి. కోసిన కొస నుంచి పోగులు ఊడిపోతాయి. బరువు మోయడానికి లోపల అస్తరు ఉండాలి. పని బాగా కుదిరితే కుట్టు కనబడదు. పనివాడు మనకు కనబడకపోవడానికి అదీ ఒక కారణమే.

కుట్టు తేలికగా ఉండటంలో మరో ప్రయోజనమూ ఉంది. బట్ట చిరిగిపోయినా సరిగ మిగిలే ఉంటుంది. దాన్ని విప్పి ఇంకో దుస్తుకు కుట్టుకోవచ్చు. అదీ నల్లబడి పనికిరాకపోతే కరిగించి వెండి తీసుకోవచ్చు. పాత పట్టుచీరలు కొంటామని వీధుల్లో కేక వేసుకుంటూ వచ్చేవారిని మనమందరం చూసినవాళ్ళమే. ఆ బట్టతో పాటు ఎవరి వేళ్ళ గుర్తులు కరిగిపోయాయో మనకు తెలియదు.

ఇదే సరిగకు నాంపల్లిలో మరో రూపం చూశాను. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళా తోరణంలో సురభి వారు చాలా ఏళ్ళపాటు నాటకాలు ఆడారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన కుటుంబం వారిది. రంగస్థల రాజుకు అసలు వెండి అక్కరలేదు. దూరం నుంచి చూసే కంటికి, దీపాల వెలుగులో మెరిస్తే చాలు. 'మాయాబజార్' పాత్రధారి భుజం మీద తళుక్కుమన్న పట్టీని చూసి, నిజాం బీరువాలోని సరిగకూ దీనికీ ఉన్న తేడా లోహంలోనే కానీ కుట్టులో కాదనుకున్నాను. రెండు చోట్లా ఎవరో దీపం ముందు కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క పోగూ పట్టుకుని కుట్టవలసిందే.

అందుకే ఒక విన్నపం. ఇంట్లో పెద్దల నాటి షేర్వానీయో, పెళ్ళి దుపట్టాయో ఉంటే, సరిగ నల్లబడిందని పాత కుట్లు విప్పి కొత్తది వేయించకండి. తడి తగలకుండా, ఇస్త్రీ పెట్టకుండా, మెత్తని నూలుబట్టలో చుట్టి ఉంచండి. ఊడిన చోట కొత్త కుట్టు వేయవలసి వస్తే పాతదాని పక్కనే వేయించండి. మెరుపును ఏ బజారులోనైనా కొనుక్కోవచ్చు. దుస్తులు చూసుకున్న మనిషి పేరు ఒక పేటకే మిగిలింది. వాటిని కుట్టినవారి సంతకంగా మనకు మిగిలింది ఆ నాలుగు కుట్లే.