పొగాకు మల్లె

పొగాకు మల్లె ఒక పరాన్నజీవి అయిన పుష్పించే మొక్క. దీని శాస్త్రీయ నామం ఓరబాంకీ సెర్నువా. ఇది ఓరబాంకేసీ కుటుంబానికి చెందినది. పేరులో మల్లె ఉన్నప్పటికీ మల్లె జాతితో దీనికి సంబంధం లేదు. ఆంధ్ర ప్రదేశ్‌లో పొగాకు పండించే రైతులకు ఇది బాగా తెలిసిన కలుపు మొక్క. ఇది వంగ, టమాటా పంటలను కూడా ఆశిస్తుంది.

లక్షణాలు

* పత్రహరితం ఉండదు. ఆకులు చిన్న పొలుసులుగా మారి ఉంటాయి.
* కాండం లేత రంగులో, కండ కలిగి ఉంటుంది.
* పూలు గొట్టము వలె ఉండి క్రిందికి వంగి ఉంటాయి. సెర్నువా అను లాటిన్ పదానికి వంగినది అని అర్థం.
* విత్తనాలు ధూళి వలె సూక్ష్మమైనవి. ఒక్కొక్క మొక్క వేలకొలది విత్తనాలను ఇస్తుంది. ఇవి మట్టిలో అనేక సంవత్సరాలు చెడిపోకుండా ఉండగలవు.

జీవన చక్రం

విత్తనంలో ఆహార నిల్వ చాలా తక్కువ. అందువలన తడి తగిలినంత మాత్రాన అది మొలకెత్తదు. పొగాకు వేర్ల నుండి వెలువడే స్ట్రైగోలాక్టోన్లు అనే రసాయనాలు తగిలినప్పుడే మొలకెత్తుతుంది. మొలక కొద్ది రోజులలో వేరును చేరుకొనకపోతే మరణిస్తుంది. చేరుకొన్నచో చూషకము అనే అవయవాన్ని వేరులోనికి చొప్పించి, దారువు, పోషక కణజాలాల నుండి నీటిని, ఆహారాన్ని గ్రహిస్తుంది. తరువాత కొన్ని వారాలు భూమిలోనే పెరుగుతుంది. కాడ పైకి కనిపించే నాటికే పంటకు చాలా నష్టం జరిగి ఉంటుంది.

పరిణామం

పుష్పించే మొక్కలలో పరాన్న జీవనం సుమారు 12 సార్లు వేరువేరుగా ఆవిర్భవించినది. మామిడిపై పెరిగే బదనిక, పొగాకు మల్లె వేరువేరు వంశాలకు చెందినవి.

ఓరబాంకేసీ కుటుంబంలో ఈ మార్పు దశలను నేటికీ చూడవచ్చు. పాత గోడలపై మొలిచే లిండెన్‌బెర్జియా స్వతంత్రంగా జీవిస్తుంది. జొన్న మల్లె అనబడే స్ట్రైగాకు పచ్చని ఆకులున్నా జొన్న వేర్లపై ఆధారపడుతుంది. పొగాకు మల్లె సంపూర్ణ పరాన్నజీవి. కిరణజన్య సంయోగక్రియ అవసరం లేనప్పుడు దానికి సంబంధించిన జన్యువులు క్రమంగా నశిస్తాయి. ఇదే కుటుంబానికి చెందిన అమెరికా మొక్క ఎపిఫేగస్‌లో హరితరేణువు జన్యుపదార్థం సుమారు 70,000 క్షార జంటలకు తగ్గినట్లు 1992లో వెల్లడైనది. పొగాకులో ఇది సుమారు 1,56,000 జంటలు.

ఒకవైపు జన్యువులను కోల్పోయినా, మరొకవైపు ఆతిథేయిని గుర్తించే శక్తిని ఈ మొక్కలు పెంచుకొన్నాయి. స్ట్రైగోలాక్టోన్లు వేర్లకు మేలు చేసే శిలీంధ్రాలను ప్రేరేపిస్తాయని 2005లో తెలిసినది. మొక్క తన మిత్రుల కొరకు పంపే సంకేతాన్నే పరాన్నజీవి పసిగడుతున్నది. ఈ సంకేతాన్ని గ్రహించే ప్రోటీన్లు, సాధారణ మొక్కలలో పొగలోని రసాయనాలకు స్పందించే కె.ఎ.ఐ.2 అనే ప్రోటీను జన్యువు పలుమార్లు ద్విగుణీకృతం కావడం వలన ఏర్పడినవని 2015లో వెల్లడైనది.

నివారణ

ఆతిథేయిపై పూర్తిగా ఆధారపడటమే ఈ మొక్క బలహీనత. నువ్వులు, పెసర, మినుము వంటి ఎర పంటల వేర్లు దీని విత్తనాలను మొలకెత్తించగలవు. కాని మొలకలు వాటిపై నిలువలేక చనిపోతాయి. పంట మార్పిడి, వేసవి దుక్కి కూడా ఉపయోగపడతాయి. పొలంలో కనిపించిన కాడలను విత్తనం కట్టక ముందే పీకి, పొలం బయట తగులబెట్టాలి. విత్తనం రాలినచో ఆ పొలాన్ని ఈ కలుపు అనేక సంవత్సరాలు వదలదు.