ఈ-మెయిల్ మార్కెటింగ్ (చిన్న వ్యాపారాల్లో)

సరేనన్న కొనుగోలుదారులకు సరుకు కబురు ఈ-మెయిల్‌లో పంపి అమ్మకాలు పెంచుకునే పద్ధతి. 1978లో గ్యారీ థ్యూర్క్ అనే అమెరికన్ కంప్యూటర్ సంస్థ ఉద్యోగి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్‌లో దాదాపు 400 మందికి పంపిన ప్రకటనను దీనికి ఆద్యంగా చెబుతారు. అడగకుండా పంపాడు కాబట్టి స్పామ్‌కూ అదే ఆద్యం.

అద్దంకి లాంటి మిరప సీమలో కారం, పచ్చళ్లు అమ్మేవారికి ఊళ్లో ఖాతాల కోసం వాట్సాప్ చాలు. ఈ-మెయిల్ అక్కరకొచ్చేది విదేశాల్లోని తెలుగువారి దగ్గర. పార్సిల్ కట్టేటప్పుడే “మెయిల్ పంపమంటారా?” అని అడిగి చిరునామా రాసుకోవాలి, డబ్బిచ్చి కొన్న జాబితాలు శుద్ధ దండగ. “భారీ ఆఫర్లు” అనే శీర్షిక కంటే “కొత్త కాయ, తొడిమ తీసి కారం పట్టించాం” అన్నది ఎక్కువమంది తెరుస్తారు. కోతలయ్యాక ఒకటి, ఆవకాయ రోజుల్లో మరొకటి పంపితే మొదటి ఏడాదికి సరిపోతుంది. పంపే వేళ కూడా చూసుకోవాలి: వేసవిలో ఇక్కడ ఉదయం 7 గంటలంటే న్యూయార్క్‌లో ముందురోజు రాత్రి 9.30.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, రోజుకు 5,000కు పైగా పంపేవారికి, మెయిల్ పంపింది అసలువారేనని తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ధ్రువీకరణలు తప్పనిసరి చేసింది. చిన్న వ్యాపారికీ మొదటి రెండింటిలో ఒకటైనా ఉండాలి. వద్దన్నవారి పేరు వెంటనే తీసేయాలి.