జంతువుల మనోవ్యాధులు: చరిత్ర

భయం, ఎడబాటు, ఒంటరితనం, బందీ బతుకు జంతువు మనసును చెదరగొడతాయి. ఆ చెదురు దాని తిండిలో, నిద్రలో, నడకలో, తోటి ప్రాణులతో మెలిగే తీరులో చాలాకాలం నిలిచిపోతే దాన్ని మానసిక రుగ్మత అంటారు. పశువైద్యంలో దీనికంటూ ఒక శాఖ ఏర్పడింది ఇటీవలే అయినా సంగతి మాత్రం పాతది. దూడ చచ్చిన గేదె బెంగ పెట్టుకుని గడ్డి ముట్టదనీ, పాలు చేపదనీ పాడి ఉన్న ఇళ్ళలో అందరికీ తెలుసు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, ఆ బొమ్మను గేదె ముందు నిలబెట్టి పాలు పితకడం పల్లెల్లో పాత పద్ధతి. గేదె ఆ తోలును వాసన చూస్తుంది, నాకుతుంది, అప్పుడు చేపుతుంది. పాలు దిగాలంటే ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి రావాలనీ, భయమూ కలతా దానికి అడ్డుపడతాయనీ శరీరశాస్త్రం తర్వాత చెప్పింది. బెంగ అన్న మాటను తెలుగువాళ్ళు పసిబిడ్డకూ పశువుకూ ఒకేలా వాడతారు. ఆ మాటను ఒప్పుకోవడానికి శాస్త్రం చాలాకాలం వెనకాడింది. వెనకాడుతూనే, తాను ఒప్పుకోని ఆ మనసు మీదే దశాబ్దాల తరబడి ప్రయోగాలు చేసింది. ఈ చరిత్రకు ఇరుసు ఆ వైరుధ్యమే.

మన దేశంలో ఏనుగులను పట్టి మచ్చిక చేసినవాళ్ళకు ఈ విషయంలో సందేహం ఉండేది కాదు. పాలకాప్య ముని పేరిట సాగిన గజశాస్త్ర సంప్రదాయంలోని 'మాతంగలీల' అడవి నుంచి కొత్తగా తెచ్చిన ఏనుగు దుఃఖాన్ని ప్రత్యేకంగా చెబుతుంది. కట్లూ దెబ్బలూ పరుషమైన మాటలూ ఒకవైపు, అడవిలోని సుఖాల తలపు మరొకవైపు దాన్ని క్రుంగదీస్తాయని అందులో ఉంది. ఐరోపాలో 17వ శతాబ్దపు తత్వవేత్త డెకార్ట్ జంతువులను యంత్రాలతో పోల్చాడు. ఆ ఊహ నీడ రెండు శతాబ్దాలకు పైగా పడింది. 1872లో డార్విన్ మనుషుల్లోనూ జంతువుల్లోనూ భావాలు వ్యక్తమయ్యే తీరు మీద పుస్తకం రాసి మనిషికీ జంతువుకూ మధ్య ఆ ఊహ కట్టిన గోడను కొంత కూల్చాడు. 1879లో విలియం లాడర్ లిండ్సే జంతువుల మనసు గురించి, ఆరోగ్యంలోనూ రోగంలోనూ అది ఉండే తీరు గురించి రెండు సంపుటాలు వెలువరించాడు. ఆయన స్కాట్లండ్‌లో మానసిక రోగుల ఆసుపత్రి వైద్యుడు. రోజూ మనోరోగులను చూసే మనిషికి ఆ లక్షణాలే జంతువుల్లో కనిపించడం గమనించదగ్గ సంగతి. అయితే ఆయన ఆధారాల్లో చాలా భాగం చెప్పుడు కథలు. ఆ బలహీనత వల్లనే తర్వాతి తరం ఆయనను పక్కన పెట్టేసింది.

1894లో మనస్తత్వవేత్త లాయిడ్ మోర్గన్ ఒక నియమం పెట్టాడు: కిందిస్థాయి ప్రక్రియతో వివరించగల ప్రవర్తనకు పైస్థాయి మనోవ్యాపారాన్ని అంటగట్టకూడదు. నియమం మంచిదే. కానీ జాగ్రత్త కోసం పెట్టిన ఆ నియమం క్రమంగా నిషేధంగా మారింది. సరిగ్గా ఆ కాలంలోనే రష్యాలో పావ్‌లోవ్ ప్రయోగశాలలో ఒక కుక్క ఆ నిషేధానికి జవాబు చెప్పింది. 1914లో షెంగర్-క్రెస్తోవ్నికోవా అనే పరిశోధకురాలు దానికి వృత్తం చూపితే తిండి, దీర్ఘవృత్తం చూపితే ఏమీ లేదని నేర్పింది. తర్వాత దీర్ఘవృత్తాన్ని కొంచెం కొంచెంగా వృత్తానికి దగ్గర చేస్తూ పోయింది. దాని పొడవు వెడల్పుల నిష్పత్తి 9:8కి వచ్చేసరికి కుక్కకు తేడా పట్టుబడలేదు. మూడు వారాలు అలాగే సాగించారు. అంతవరకూ నెమ్మదిగా నిలబడే కుక్క కీచుగా అరవడం, గింజుకోవడం, ఒంటికి తగిలించిన పరికరాలను పళ్ళతో పీకెయ్యడం, గొట్టాలు కొరకడం మొదలుపెట్టింది. అంతకుముందు సులువుగా గుర్తుపట్టిన ఆకారాలను కూడా పోల్చుకోలేకపోయింది. పావ్‌లోవ్ దీనికి ప్రయోగజన్య న్యూరోసిస్ అని పేరు పెట్టాడు. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తినప్పుడు కుక్కల గదుల్లోకి నీళ్ళు వచ్చాయి, వాటిని ఈదించి బయటికి తెచ్చారు. ఆ తర్వాత కొన్ని కుక్కలు నేర్చుకున్నదంతా పోగొట్టుకున్నాయి. కోలుకున్న కుక్క ఎదుట తలుపు కింద నుంచి సన్నటి నీటిధార వదిలితే చాలు, పాత కలవరం తిరగబెట్టేది.

అమెరికాలో ఈ దారి మరింత ముందుకు సాగింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త హ్యారీ హార్లో 1950లలో రీసస్ కోతి పిల్లలను తల్లుల నుంచి వేరుచేసి, ఒక తీగ బొమ్మనూ, గుడ్డ చుట్టిన మరో బొమ్మనూ తల్లులుగా ఇచ్చాడు. పాలు తీగ బొమ్మ దగ్గరే ఉన్నా పిల్లలు గుడ్డ బొమ్మనే కరుచుకుని రోజంతా గడిపాయి. నెలల తరబడి పూర్తి ఒంటరితనంలో పెంచిన పిల్లలు తమను తామే వాటేసుకుని ఊగుతూ, తమ ఒంటినే కొరుక్కుంటూ మిగిలాయి. 1967లో సెలిగ్‌మన్, మేయర్ అనే మనస్తత్వవేత్తలు కుక్కలకు తప్పించుకోలేని విద్యుత్ ఘాతాలిచ్చారు. తర్వాత చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకోగల చోట పెట్టినా వాటిలో చాలా కుక్కలు దూకకుండా పడి ఉన్నాయి. మనుషుల్లో కుంగుబాటును అర్థం చేసుకోవడానికి ఆ కుక్కలు ఆధారమయ్యాయి. ఇక్కడే తర్కం తేలాలి. జంతువుకు కుంగుబాటు రాదంటే, దాని మీద చేసిన ప్రయోగం మనిషి కుంగుబాటు గురించి ఏమీ చెప్పలేదు. చెబుతుందంటే, ఆ కుక్క అనుభవించినది కుంగుబాటు కోవలోదే. రెండింటినీ ఒకేసారి పట్టుకోవడం కుదరదు.

జంతువుకు మనోవ్యాధి ఉందనడానికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. బోనులోని పులి అటూ ఇటూ తిరగడం, గుర్రం చెక్కను కొరకడం, చిలుక తన ఈకలు తానే పీక్కోవడం వట్టి అలవాటు కావచ్చు, లేదా కష్టాన్ని ఓర్చుకునే ఉపాయం కావచ్చు, రోగం అనడమెందుకు అంటారు. ఓర్చుకునే ఉపాయమే అనుకున్నా ఓర్చుకోవలసినదేదో ఉన్నట్టే కదా. స్విట్జర్లండ్ జూ సంచాలకుడు హైనీ హెడిగర్ 1940ల నుంచే బందీ జంతువులకు కావలసింది వట్టి విశాలమైన చోటు కాదని, దాక్కోవడానికీ పని చెయ్యడానికీ వీలుండే చోటని వాదించాడు. 2003లో రాస్ క్లబ్, జార్జియా మేసన్ అనే పరిశోధకులు మాంసాహార జంతువులను పోల్చి చూశారు. అడవిలో ఎంత ఎక్కువ విస్తీర్ణంలో తిరిగే జాతి అయితే బోనులో అంత ఎక్కువగా పచార్లు చేస్తుందనీ, దాని పిల్లలు అంత ఎక్కువగా చనిపోతాయనీ తేలింది. వట్టి అలవాటే అయితే ఈ లెక్క కుదిరేది కాదు. ధ్రువపు ఎలుగుబంటి ఆ పట్టికలో ముందు వరసలో ఉంది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో గస్ అనే ఎలుగుబంటి 1990లలో గంటల తరబడి 8 అంకె ఆకారంలో ఈదుతూ ఉండేది.

రెండో అభ్యంతరం పేర్ల గురించి. 2005లో గే బ్రాడ్‌షా బృందం ఆఫ్రికా ఏనుగుల్లో ఆఘాతానంతర రుగ్మత లక్షణాలున్నాయని రాసినప్పుడు, రోగి నోటితో చెబితే తప్ప తెలియని జబ్బును ఏనుగుకు ఎలా అంటగడతారని కొందరు ఆక్షేపించారు. మాటలు రాని పసిపిల్లల బాధను వైద్యులు లెక్కలోకి తీసుకుంటున్నారు. నోటిమాట లేదు గనక బాధే లేదనడం చెల్లదు. పైగా ఏనుగుల విషయంలో ఆధారం నడతలోనే కనిపించింది. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో ఏనుగుల సంఖ్య తగ్గించడానికి మందలను చంపినప్పుడు అనాథలైన గున్నలను పిలానెస్‌బర్గ్‌కు తరలించారు. అవి పెరిగి, చిన్న వయసులోనే మదమెక్కి, 1992-97 మధ్య 40కి పైగా ఖడ్గమృగాలను చంపాయి. 1998లో ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి వదిలాక పడుచు ఏనుగుల మదం దిగింది, చంపడం ఆగింది. మనిషి జబ్బు పేరును యథాతథంగా తగిలించడంలో తొందరపాటు ఉండవచ్చు. పెద్ద దిక్కు లేని పెంపకం ఆ ఏనుగులను చెదరగొట్టిందన్న సంగతి మాత్రం మిగిలే ఉంటుంది.

వైద్యం కూడా ఈ దిశగానే నడిచింది. మనుషుల కుంగుబాటుకు వాడే ఫ్లూయోక్సెటిన్‌ను, యజమాని ఎడబాటు తట్టుకోలేని కుక్కల కోసం 2007లో అమెరికాలో అనుమతించారు. ఒకే మందు ఇద్దరికీ పనిచేయడం గొప్ప సాక్ష్యమే. అయితే మందు వేసి బోనును అలాగే ఉంచితే రోగాన్ని బోనులో కాక జంతువులో వెతికినట్టవుతుంది. బ్రిటన్‌లో 1979లో జంతు సంక్షేమం కోసం రూపుదిద్దుకున్న అయిదు స్వేచ్ఛల్లో భయం, కలత లేకుండా బతకడం ఒకటి. 2014లో జల్లికట్టును నిషేధించిన తీర్పులో మన సుప్రీంకోర్టు ఆ అయిదింటినీ గుర్తించింది. తర్వాత జల్లికట్టుకు వీలు కల్పిస్తూ తమిళనాడు తెచ్చిన చట్ట సవరణను రాజ్యాంగ ధర్మాసనం 2023లో సమర్థించింది. సర్కసుల్లో అడవి జంతువుల ప్రదర్శనపై వచ్చిన 1998 నిషేధంతో విడిపించిన సింహాలకు, పులులకు విశాఖపట్నం, తిరుపతి పునరావాస కేంద్రాల్లో చోటు దొరికింది. అడవి ఎరుగని ఆ జంతువులను అడవిలో వదలడం సాధ్యం కాలేదు. ముసలితనం దాకా అక్కడే సాకారు. 2009లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ జూలలోని ఏనుగులను శిబిరాలకు తరలించాలని ఆదేశించింది. గుళ్ళలోని ఏనుగులకు ఆ ఆదేశం వర్తించలేదు. గొలుసుతో కట్టిన ఏనుగు ఒక కాలి మీంచి మరో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, తల ఆడిస్తూ గంటల తరబడి ఊగుతుంది. భక్తులు దాన్ని చూసి, నాదస్వరానికి తల ఊపుతోందనుకుని దణ్ణం పెడతారు.