ఒకే వేరు, అనేక డిస్కులు

పుదుచ్చేరి పట్టణం నుంచి సాగే పాలన ఎంత దూరం విస్తరించిందో మీకు తెలుసా? తమిళ తీరాన కారైకాల్, కేరళ తీరాన మాహే, మన గోదావరి ఒడ్డున యానాం! 1954లో ఫ్రెంచివారి నుంచి భారత ప్రభుత్వం చేతికి వచ్చిన ఈ ప్రాంతాలు ఒకదానినొకటి తాకవు. అయినా పాలనలో అన్నీ ఒకటే. కంప్యూటర్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. ఫైళ్ళు వేర్వేరు డిస్కుల మీద ఉన్నా మనకు ఒకే చెట్టులా కనిపిస్తాయి. మరి ఆ చెట్టుకు వేరు ఎక్కడ?

1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు శ్రీకారం చుట్టారు. 1974 జులైలో వారు ప్రచురించిన వ్యాసంలో తమ పీడీపీ-11 యంత్రాన్ని వర్ణించారు. దానికి 1 మెగాబైటు స్థిర డిస్కు ఒకటి, ఒక్కొక్కటి 2.5 మెగాబైట్లు పట్టే మార్చదగిన డిస్కులకు డ్రైవులు నాలుగు ఉండేవి. ఫైళ్ళ చెట్టుకు వేరు, అంటే 'రూట్', ఎప్పుడూ ఒకే డిస్కు మీద ఉంటుంది. కొమ్మలు మాత్రం వేరే డిస్కుల మీద ఉండవచ్చు. మామిడికి అంటు కట్టినట్టు, 'మౌంట్' అనే ఆజ్ఞతో వాటిని చెట్టుకు అతికిస్తారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మౌంట్ ఆజ్ఞ కూడా ఒక ఫైలే కదా! అది రెండో డిస్కులో ఉంటే, ఆ డిస్కును అతికించేది ఎలా? తాళంచెవిని పెట్టెలోనే ఉంచి తాళం వేసినట్టవుతుంది. అందువల్ల కంప్యూటర్ మేల్కొనడానికి, అంటే 'బూట్' కావడానికి, అవసరమైనవన్నీ వేరు ఉన్న డిస్కులోనే ఉండాలనే నియమం ఏర్పడింది.

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను విడుదల చేసినప్పుడు ఇదే చిక్కు ఫ్లాపీల రూపంలో ఎదురైంది. ఒక ఫ్లాపీలో రెండు వైపులా 80 చొప్పున వలయాలు, ఒక్కో వలయంలో 18 భాగాలు, ఒక్కో భాగంలో 512 బైట్లు ఉంటాయి. లెక్క కట్టి చూడండి: 1440 కిలోబైట్లు! వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నల్ ఒక ఫ్లాపీలో, రూట్ మరో ఫ్లాపీలో వచ్చేవి. 1993 జులైలో వెలువడిన స్లాక్‌వేర్ అనే లినక్స్ కూర్పుకు 24 ఫ్లాపీలు కావలసివచ్చాయి.

రూట్ ఒక్క ఫ్లాపీలో పట్టకపోతే? డ్రైవు ఒక్కటే, ఫ్లాపీ తీసేస్తే అందులోని ఫైళ్ళు అందవు. అందుకని కెర్నల్ ముందుగా మెమరీలో కొంత భాగాన్ని డిస్కులా మలచుకుంటుంది. దీన్నే ర్యామ్‌డిస్క్ అంటారు. ఫ్లాపీలోని సమాచారాన్ని అందులోకి నకలు చేసి, అయిపోగానే తర్వాతి ఫ్లాపీ పెట్టి ఎంటర్ నొక్కమని తెర మీద అడుగుతుంది. 4 మెగాబైట్ల రూట్‌కు మూడు ఫ్లాపీలు చాలు. అన్నీ చేరాకే చెట్టు సిద్ధమవుతుంది. మూడోదానిలో ఒక్క భాగం చెడినా, మొదటి రెండూ బాగున్నా, యంత్రం మేల్కొనకపోవచ్చు.

1996లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్, హాన్స్ లెర్మెన్ దీనికి మెరుగైన మార్గం చూపారు. బూట్ సమయంలో కెర్నల్‌తో పాటు ఒక చిన్న తాత్కాలిక రూట్ కూడా మెమరీలోకి వస్తుంది. అవసరమైన డ్రైవర్లను, డిస్కులను వెతికి కలిపే పనిముట్లను అది మోసుకొస్తుంది. అసలు రూట్‌ను అందుబాటులోకి తెచ్చి, తాను పక్కకు తప్పుకుంటుంది. ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజీ లాంటిదన్న మాట! నేడు రూట్ ఒకటికి మించిన హార్డ్‌డిస్కుల మీద పరచుకుని ఉన్నా లినక్స్ యంత్రాలు బూట్ అవుతున్నాయంటే, దాదాపుగా ఈ పద్ధతి చలవే. అయితే పాత హెచ్చరిక మాత్రం పోలేదు. అదనపు ప్రతి ఉంచుకోకుండా రూట్‌ను రెండు డిస్కులకు పంచితే, ఒకటి చెడినా రెండూ చెడినట్టే!

ఒకదాని తర్వాత ఒకటిగా ఫ్లాపీలు అడిగే ఆ భాగాన్ని 2020లో లినక్స్ కెర్నల్ నుంచి తొలగించారు. ఫ్లాపీలు పోయినా, అవి నేర్పిన సూత్రం మిగిలింది. ఏ వ్యవస్థ అయినా లేచి నిలబడాలంటే, మిగతావాటిని పిలవగలిగే చిన్న భాగం ఒకటి ఎవరి సాయమూ లేకుండా ముందుగా మేల్కొనాలి.