జాతరలో మన అంగడి, లెక్కలో మన పేరు

మొన్న జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో మన సమాఖ్య తరఫున అంగడి పెట్టినాం. మగ్గం తువ్వాళ్లు, దుప్పట్లు, బుడ్డల కారం, గురెళ్ల పొడి, ఎండు జొన్నరొట్టెలు తీసుకుపోయినాం. తేరు లాగిన మరునాటికే రొట్టెల బుట్టలు ఖాళీ అయినాయి. ఇంటికొచ్చి డబ్బా బోర్లించి ఎంచుకుంటే సరుకు ఖర్చు, ఆటో బాడుగ, స్థలం బాడుగ పోను ఇంకా కొంత మిగిలింది. లాభం వచ్చిందని అందరం సంతోషపడినాం.

అప్పుడు రొట్టెలు తట్టిన ఒక అక్క అడిగింది: "మరి నా కూలి ఎక్కడ రాసినారు?"

పుస్తకం రెండుసార్లు తిరగేసినాం. ఎక్కడా రాయలేదు. ఈ ఏడాది నివేదికలో చరిత్ర వ్యాసం రాయాలనుకున్నప్పుడు మాకు ఆ ప్రశ్నే గుర్తుకొచ్చింది. మన సీమలో సంతలు, జాతరలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిలో ఆడవాళ్లు అమ్ముతూనే ఉన్నారు. లెక్క మాత్రం ఎవరి చేతిలో ఉంది?

జాతరే నడిచే చరిత్ర

పాత కాలాన్ని కళ్లకు కట్టే ఉత్సవాలకు మన దగ్గర కొదవ లేదు. దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో మాళమల్లేశ్వరస్వామి రాక్షసులను చంపిన కథను ఊళ్లకు ఊళ్లు కదిలి మళ్లీ జరిపిస్తాయి. శ్రావణమాసంలో ఉరుకుందకు, రాఘవేంద్రస్వామి ఆరాధనకు మంత్రాలయానికి కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. జనం వచ్చిన చోటికి గాజులు, బొరుగులు, బెండు బత్తాసులు వస్తాయి. గంప పక్కన కూర్చునేది చాలా వరకు ఆడమనిషే.

రాయల కాలంలో లెక్క రాసిన ఆడవాళ్లు

ఆదోని కోట ఒకప్పుడు విజయనగర రాజ్యానికి గట్టి దుర్గం. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత అది బీజాపూరు సుల్తానుల చేతికి పోయింది. అంతకుముందు, 1520 ప్రాంతంలో, పేస్ అనే పోర్చుగీసు ఆయన విజయనగరం చూసి, అక్కడి అంగళ్ల గురించి రాసిపెట్టినాడు. రోజూ సాయంత్రం సంత జరిగేదనీ, పండ్లు, కూరగాయలు, కట్టెలు కూడా అమ్మేవారనీ రాసినాడు. ఆ కట్టెల మోపు ఎవరు మోసుకొచ్చినారో, ఎంతకు అమ్మినారో ఆయన రాయలేదు.

తర్వాత 1535 ప్రాంతంలో అక్కడున్న నూనిజ్ అనే గుర్రాల వ్యాపారి ఇంకో సంగతి రాసినాడు. రాజు నగరు లోపల అయ్యే ఖర్చుల లెక్కలు రాసేది ఆడవాళ్లేనట. రాజ్యం సంగతులు రాసి, బయట రాసేవాళ్ల పుస్తకాలతో సరిపోల్చే ఆడవాళ్లు కూడా ఉన్నారట. "లెక్కలు మనకేం తెలుస్తాయి" అని మన మీటింగుల్లో ఇప్పటికీ కొందరు వెనక్కి జరుగుతారు. సుమారు ఐదు వందల ఏళ్ల కిందట మన పక్కనే ఆడవాళ్లు రాజు లెక్కలే రాసినారు. అయితే అది నగరు లోపలి మాట. బయట సంతలో గంప పెట్టుకున్న ఆమెకు పుస్తకం లేదు.

తక్కువ కూలి, రాయని కూలి

1876–78 కరువులో మన ప్రాంతం బాగా దెబ్బతింది. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. ఆ కరువు పనుల్లో ఆడవాళ్లు కూడా రాళ్లు కొట్టినారు, మన్ను మోసినారు. సర్కారు లెక్కలో వాళ్ల కూలి మగవాళ్ల కూలి కంటే తక్కువ.

మగ్గం దగ్గర అసలు కూలే రాయలేదు. ఎమ్మిగనూరు నేతకు పేరున్న ఊరు. నూలు అప్పుగా ఇచ్చి, బట్టను తాము చెప్పిన ధరకు తీసుకునే సాహుకార్ల కింద నేతగాళ్లు నలిగిపోతున్న కాలంలో, 1938లో మాచాని సోమప్ప ముందుండి నేత సహకార సంఘం పెట్టించినారు. నేతగాళ్లే వాటాదారులయినారు. పదిమంది చిన్న వాటాలు కలిస్తే సాహుకారు గడప తొక్కే పని తప్పుతుందని మన పొదుపు సంఘాలకంటే ఎంతో ముందే ఎమ్మిగనూరు చూపించింది. అది మనకు గర్వం.

కానీ మగ్గం మీద బట్ట దిగాలంటే ముందు కండెలు చుట్టాలి, ఆసు పోయాలి. ఆ పని ఇంట్లో అమ్మ, భార్య, కూతురు చేస్తారు. మజూరీ మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడి పేరునే వస్తుంది. ఒక బట్ట వెనక రెండు జతల చేతులు ఉంటే, పుస్తకంలో ఒక జతే కనిపించింది.

మన పుస్తకం

1982లో డ్వాక్రా పథకం మొదలైంది. 1992లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది. ఆ తర్వాతనే మన పేరు మీద ఖాతా, మన సంతకం మీద అప్పు, మన చేతిలో మినిట్స్ పుస్తకం వచ్చినాయి. ఇంత దూరం వచ్చి కూడా జాతర అంగడిలో మేము పాత తప్పే చేసినాం. సాహుకారు చేసినట్టే మన కూలిని మనమే రాయకుండా వదిలేసినాం.

అందుకని మళ్లీ కూర్చుని లెక్క వేసినాం. ఉపాధి పనికి పోతే వచ్చే కూలినే కొలతగా పెట్టుకున్నాం. తువ్వాళ్లు, కారం పొడి నిలబడినాయి. ఇద్దరు అక్కలు రెండు రాత్రులు పొయ్యి ముందు కూర్చుని తట్టిన రొట్టెలు నష్టంలో పోయినాయి. అన్నిటికంటే ముందు అమ్ముడుపోయిన సరుకూ అదే! చవగ్గా పెట్టినాం కాబట్టే జనం ఎగబడినారు. ఇంకో తప్పు కూడా బయటపడింది. ఫోన్‌లో డబ్బులు వేయడానికి పెట్టిన స్కాన్ బోర్డు మన సభ్యురాలి కొడుకు పేరున ఉంది. ఆ పిల్లోడు పైసా తప్పకుండా ఇచ్చినాడు, తప్పు అతనిది కాదు. కానీ మూడు రోజుల మన అమ్మకం బ్యాంకులో మన పేరున లేదు. రేపు పెద్ద అప్పు అడిగితే ఆ వ్యాపారాన్ని ఎలా చూపిస్తాం?

వచ్చే జాతరకు మూడు మాటలు అనుకున్నాం. సరుకు ధర కట్టేటప్పుడు చేసిన గంటలు, కూర్చున్న రోజులు రెండూ రాయాలి. కండెలు చుట్టిన చేతులకూ కూలి కట్టాలి. స్కాన్ బోర్డు సమాఖ్య ఖాతా పేరునే ఉండాలి. రసీదు పుస్తకం అంగట్లో కూర్చున్న సభ్యురాలే రాయాలి. రాయడం రానివాళ్లకు సంక్రాంతి లోపల నేర్పాలి.

రొట్టెల ధర ఎంత పెంచాలనేది ఇంకా తేలలేదు. పెంచితే అమ్ముడుపోవని కొందరి భయం, పెంచకపోతే తట్టమని ఆ ఇద్దరు అక్కల మాట. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తేల్చుకుందాం. మీ ఊరి సంఘం పుస్తకం కూడా తీసుకురండి, మీ కూలి ఎక్కడెక్కడ రాయకుండా ఉండిపోయిందో ముందే చూసుకుని రండి.