రజతోత్సవ సంచిక మళ్లీ తెరుచుకున్న వైనం

ఈ స్వర్ణోత్సవ సంచిక పని మొదలైనప్పుడు, రజతోత్సవ సంచికలోని పూర్వ విద్యార్థుల పరిచయాలను మళ్లీ వేద్దామనుకున్నాం. ఆనాటి అచ్చు ప్రతి ఒక్కటే దొరికింది. అందులో సగం చెదలు తినేశాయి. ఒక మిత్రుడి బీరువాలో ఫ్లాపీ మాత్రం భద్రంగా ఉంది. ఫైలు పేరు కనిపించింది గానీ మా కంప్యూటర్లలో ఏదీ దాన్ని తెరవలేదు. "ఇంజనీరువి కదా, నువ్వే చూడు" అని నాకు అప్పగించారు.

అది పేజ్‌మేకర్ ఫైలు. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. ఒకప్పుడు డీటీపీ సెంటరంటే పేజ్‌మేకరే. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు అన్నీ అందులోనే. 2001లో వచ్చిన 7.0తో దాని కథ ముగిసింది. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ 2015 నుంచి ఆ ఫైళ్లను తెరుస్తోంది. దానితో పేజీలైతే వచ్చాయి, తెలుగు రాలేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు!

కారణం ఇది. అప్పటి ఫాంటులో ఉన్నవి 256 స్థానాలే. మన గుణింతాలు, ఒత్తులు అందులో పట్టవు. కాబట్టి తలకట్టు, గుడి, ఒత్తు ముక్కలు ముక్కలుగా చేసి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టేవారు. ఏ ముక్క ఎక్కడన్నది కంపెనీకో తీరు. ఆ ఫాంటు లేకపోతే మిగిలేది ఇంగ్లీషు గందరగోళమే. తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలిచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్ 1991లోనే వచ్చినా, విండోస్‌లో తెలుగు 2001 నాటి ఎక్స్‌పీతో గానీ రాలేదు. ఆ మధ్యకాలంలో టైపు చేసిన తెలుగు చాలావరకు ఇలాగే చిక్కుకుపోయింది.

ఫాంటు దొరకలేదు. చివరికి ఆదుకున్నది చెదలు వదిలేసిన ఆ సగం కాగితమే. అచ్చులో ఉన్న పేర్లను, తెర మీది గుర్తులను పక్కపక్కన పెట్టుకుని, ఏ గుర్తు ఏ ముక్కో పట్టిక రాసుకున్నాను. ఆ పట్టికతో కాగితంలో లేని సగం కూడా చదవగలిగాం. మా బ్యాచ్‌లో ఇప్పుడు మన మధ్య లేని ముగ్గురు తమ గురించి రాసుకున్న నాలుగేసి వాక్యాలు అలా బయటపడ్డాయి. వాటిని ఈ సంచికలో యథాతథంగా వేశాం.

మన సంజామల మీదుగా వెళ్లే రైలెక్కితే ఎర్రగుంట్ల వస్తుంది. ఆ దగ్గరే కలమల్ల. క్రీ.శ. 575 నాటిదని చెప్పే రేనాటి చోళుల తెలుగు శాసనం అక్కడిదే. ఆ లిపి తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి దాన్ని ఇప్పటికీ చదువుతున్నాం. పాతికేళ్ల నాటి ఫ్లాపీ దగ్గర మాత్రం తెల్లమొహం వేశాం. రాత ఒక్కటీ మిగిలితే చాలదు, దాన్ని చదివే కీలకం కూడా మిగలాలి.

మీ ఇళ్లలో పాత ఫ్లాపీలు, సీడీలు ఉంటే పారేయకండి, సంఘానికి ఇవ్వండి. ఫ్లాపీ మూలన ఉన్న చిన్న మూత జరిపి రంధ్రం తెరిచి ఉంచితే పొరపాటున కూడా ఏదీ చెరిగిపోదు. ముందు నకలు తీసి, పనంతా నకలు మీదే చేయాలి. ఈ సంచికను యూనికోడ్‌లో, పీడీఎఫ్‌లో దాచాం. అచ్చు ప్రతులు కూడా వేర్వేరు ఇళ్లలో ఉండేలా చూస్తున్నాం. వజ్రోత్సవం నాటి పిల్లలకైనా మనం పడ్డ తిప్పలు తప్పాలి.